నాన్న క్యాసెట్లు, గురువు గారి పాఠాలు, ఒక 2 టీబీ హార్డ్ డ్రైవు

ఈ నల్లటి పెట్టె అరచేతిలో ఇమిడిపోతుంది. బరువు పావు కిలో కూడా ఉండదు. మా నాన్న రేడియో పక్కన కూర్చుని రికార్డు చేసుకున్న 214 క్యాసెట్లు, ముప్ఫై ఏళ్లలో నేను కొన్న 340 సీడీలు, రసికులు ఒకరికొకరు పంచుకున్న కచేరీల ఎంపీ3 ఫైళ్లు పదకొండు వేలు, మా గురువు గారు చివరి నాలుగేళ్లలో చెప్పిన వయొలిన్ పాఠాలు 250 గంటలు ఇప్పుడు దీనిలో ఉన్నాయి. అంతా కలిపితే దాదాపు 400 జీబీ, 15 వేల పైచిలుకు ఫైళ్లు. ఆరు నెలల క్రితం వరకు ఇదంతా ఒకే ఒక్క ల్యాప్‌టాప్‌లో ఉండేది. ఆ సంగతి తలచుకుంటే ఇప్పటికీ గుండె జల్లుమంటుంది.

నేను విశాఖపట్నంలో పిల్లలకు వయొలిన్ నేర్పుతాను. చదువుకున్నది విజయనగరం సంగీత కళాశాలలో. 1919లో మొదలైన ఆ కళాశాలకు ఆదిభట్ల నారాయణదాసు తొలి అధ్యక్షులు. ద్వారం వెంకటస్వామి నాయుడు వయొలిన్ పాఠం చెప్పిన చోటు అది. స్వరాలను కాగితం మీద పెట్టవచ్చు, స్వరాన్ని ఊపి పలికించే గమకాన్ని పెట్టలేం. దానిని చెవితోనే పట్టుకోవాలి. అందుకని రికార్డింగు పోవడం అంటే నా దృష్టిలో పాఠం పోవడమే. అలాంటి సంపదను ఎక్కడ పెట్టాలో, ఎలా మార్చాలో నాకు వచ్చిన అనుభవాన్ని వివరంగా రాస్తున్నాను. ఇంట్లో క్యాసెట్లు, పాత పాటలు దాచుకున్నవాళ్లకు పనికివస్తుందని నా నమ్మకం.

ఒక సాయంత్రం పాఠం మధ్యలో ల్యాప్‌టాప్ లోపలి నుంచి టిక్కు, టిక్కు అని శబ్దం వచ్చింది. పాట ఆగి, మళ్లీ మొదలైంది. డిస్కు ఆయుష్షు దగ్గరపడిందని చెప్పే శబ్దాలలో అదొకటి. ఆ రాత్రి ల్యాప్‌టాప్‌ను మళ్లీ వెలిగించలేదు. మరునాడు ఉదయం ద్వారకానగర్‌లో ఒక కంప్యూటర్ దుకాణానికి వెళ్లాను.

దుకాణంలో అబ్బాయి మొదట ఎస్ఎస్‌డీ చూపించాడు. "వేగంగా ఉంటుంది మేడమ్, కింద పడినా ఏమీ కాదు" అన్నాడు. ఆ మాట చాలావరకు నిజమే. లోపల తిరిగే భాగాలు లేవు కాబట్టి దెబ్బకు తట్టుకుంటుంది. కానీ నా అవసరం వేరు. ఒకసారి నింపి, ఎక్కువ కాలం బీరువాలో ఉంచి, కావలసినప్పుడు తీసి వినాలి. ఎస్ఎస్‌డీలో సమాచారం విద్యుదావేశం రూపంలో నిలిచి ఉంటుంది. కరెంటు తగలకుండా చాలాకాలం పడి ఉంటే అది మెల్లగా సన్నగిల్లే అవకాశం ఉంది. అయస్కాంతపు పళ్లెం మీద రాసే హార్డ్ డిస్కుకు ఆ బెంగ తక్కువ. పాటకు వేగం కూడా పెద్దగా అక్కరలేదు. ఎంత నాణ్యమైన సీడీ పాటకైనా సెకనుకు రెండు వందల కిలోబైట్లు కూడా అవసరం ఉండవు. పైగా అదే పరిమాణపు ఎస్ఎస్‌డీకి రెట్టింపు పైన ధర చెప్పారు. ఆరు వేల చిల్లర పెట్టి 2 టీబీ హార్డ్ డ్రైవు తీసుకున్నాను. రెండున్నర అంగుళాల రకం, కంప్యూటర్ నుంచే కరెంటు తీసుకుంటుంది, వేరే అడాప్టరు అక్కరలేదు.

ఏ సంస్థదో ఇక్కడ రాయడం లేదు. ఈ రోజు ప్రపంచంలో హార్డ్ డిస్కులు తయారు చేసేవి సీగేట్, వెస్టర్న్ డిజిటల్, తోషిబా అనే మూడు సంస్థలే. పైపెట్టె మీద ఏ పేరు ఉన్నా లోపలి డిస్కు ఈ ముగ్గురిలో ఒకరిదే. ఈ ధరలో దొరికే 2 టీబీ పెట్టెలకు మంచిచెడ్డలు ఇంచుమించు ఒకటే. నేను చెప్పేది ఆ రకం మొత్తానికి వర్తిస్తుంది.

ఇంటికి తెచ్చి తగిలించగానే 1.81 టీబీ అని చూపించింది. ఎవరూ కంగారు పడవద్దు. తయారీదారు టీబీని వెయ్యి లెక్కన, విండోస్ 1024 లెక్కన కొలుస్తాయి. రెండు ట్రిలియన్ బైట్లు విండోస్ కొలతలో అంతే అవుతాయి.

కంగారు పడవలసింది వేగం దగ్గర. మొదట ల్యాప్‌టాప్‌కు ఎడమవైపు ఉన్న నల్ల రంగు పోర్టులో పెట్టాను. సెకనుకు 33 ఎంబీ దాటలేదు, మూడు గంటల పైనే పడుతుందని చూపించింది. ప్రాణం మీదకు వచ్చిన డిస్కును అంతసేపు తిప్పడం మంచిది కాదు. కుడివైపు నీలం రంగు పోర్టులోకి మార్చగానే వేగం 90 ఎంబీ దగ్గరకు వెళ్లింది. నల్లది యూఎస్‌బీ 2, నీలమది యూఎస్‌బీ 3. అన్ని కంప్యూటర్లలో ఈ రంగుల పద్ధతి పాటించరు, అయినా మొదట చూడవలసింది అదే. కేబుల్ కూడా డ్రైవుతో వచ్చినదే వాడాలి. ఇంట్లో ఉన్న ఫోను కేబుల్ సన్నని మొన ఈ వెడల్పాటి పోర్టులో ఒక సగానికి పట్టేస్తుంది, పని కూడా చేస్తుంది, కానీ మళ్లీ పాత నడకే.

నింపడానికి ముందే తేల్చుకోవలసిన విషయం ఇంకొకటి ఉంది, అదే ఫార్మాట్, అంటే డ్రైవులో ఫైళ్లను అమర్చే పద్ధతి. నా డ్రైవు విండోస్ పద్ధతి అయిన ఎన్‌టీఎఫ్ఎస్‌లో వచ్చింది. మా పెద్ద విద్యార్థిని దగ్గర ఉన్నది మ్యాక్. ఎన్‌టీఎఫ్ఎస్ డ్రైవును మ్యాక్ చదువుతుంది గానీ దాని మీద రాయదు. అందుకని ఖాళీగా ఉన్నప్పుడే ఎక్స్‌ఫ్యాట్‌కు మార్చాను, ఇది రెండింటిలోనూ నడుస్తుంది. ఎక్స్‌ఫ్యాట్‌కు ఒక బలహీనత ఉంది. రాస్తున్న పని మధ్యలో కేబుల్ ఊడితే జరిగిన పనిని సరిదిద్దుకునే చిట్టా దానికి లేదు. తీసేముందు ప్రతిసారీ సురక్షితంగా తొలగించమని విండోస్‌కు చెప్పి, చిన్న దీపం ఆరాకే తీయాలి. ఇంట్లో అందరూ విండోస్ వాళ్లే అయితే ఎన్‌టీఎఫ్ఎస్‌లోనే ఉంచడం మేలు.

ఇక తరలింపు. ఇక్కడ చాలామంది చేసే తప్పు కట్ చేసి పేస్ట్ చేయడం. మధ్యలో కరెంటు పోతే ఏ పాట ఏ గట్టున ఉందో తెలియదు. కాపీ చేయాలి, సరిచూడాలి, కొన్నాళ్లు విని, అప్పుడు మాత్రమే పాతది చెరపాలి. రెండో సంగతి వరుస. చావుకు దగ్గరపడిన డిస్కు నుంచి తీస్తున్నప్పుడు అక్షరక్రమంలో కాపీ చేయకూడదు, మళ్లీ దొరకనివి ముందు తీయాలి. మొదట గురువు గారి పాఠాలు, తరువాత నాన్న క్యాసెట్లు, ఆ తరువాత కచేరీలు, చివరకు సీడీలు. సీడీ పోతే అలమరలోని పళ్లెం నుంచి మళ్లీ ఎక్కించుకోవచ్చు. గురువు గారిని మళ్లీ పాఠం చెప్పమని అడగలేను.

కాపీకి టెరాకాపీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వాడాను. దీనికి నేను పూర్తి మార్కులు ఇస్తాను. పాత ఫైలుకూ, కాపీ అయిన ఫైలుకూ ఒక వేలిముద్ర లాంటి సంఖ్య లెక్కగట్టి, రెండూ ఒకటేనా అని పోల్చి చూపిస్తుంది. తేడా వచ్చిన ఫైళ్లను విడిగా చూపిస్తుంది. విండోస్‌లో మామూలుగా లాగి వేస్తే ఇలా సరిచూడదు. కాపీకి గంటన్నర, సరిచూడడానికి మరో గంటన్నర పట్టింది. చివరకు చదవలేకపోయిన ఫైళ్లు రెండు తేలాయి. ఒకటి సీడీ పాట, దానికి చింత లేదు. రెండోది గురువు గారి పాఠం, తోడి రాగంలో గాంధారం అనే స్వరాన్ని ఎలా ఊపాలో గంటా పది నిమిషాలు చెప్పినది. రాత్రి పదకొండు గంటలకు పాత రికార్డరు, దాని మెమరీ కార్డులు దాచిన డబ్బా వెతికాను. మూడో కార్డులో ఆ ఫైలు అలాగే ఉంది. ఆ కార్డులను చెరపకుండా అలాగే ఉంచినందుకు ఆ రాత్రి దేవుడికి దండం పెట్టుకున్నాను. సరిచూడకుండా పాత డిస్కును పారేసి ఉంటే ఆ పాఠం లేదని ఏ పదేళ్లకో తెలిసేది, అప్పటికి కార్డు కూడా ఉండేది కాదేమో.

మరో 23 ఫైళ్లను డ్రైవు మీదకు తెచ్చుకోవడానికి వేరే కష్టం పడవలసి వచ్చింది. పేరు మరీ పొడవుగా ఉందని విండోస్ పేచీ పెట్టింది. నేను ఫైళ్ల పేర్లన్నీ తెలుగులోనే పెడతాను. రాగం, తాళం, వాగ్గేయకారుడు, పాడినవారు, పక్కవాద్యాలు, తేదీ అన్నీ పేరులోనే కూర్చేదాన్ని. విండోస్‌లో ఫోల్డర్ల పేర్లతో కలిపి మొత్తం దారికి మామూలుగా 260 వరకే హద్దు. అక్షరాలను మనం లెక్కపెట్టినట్టు కంప్యూటర్ లెక్కపెట్టదు. "స్త్రీ" మనకు ఒక్క అక్షరం. కంప్యూటర్‌కు స, పొల్లు, త, పొల్లు, ర, గుడి దీర్ఘం, మొత్తం ఆరు. ఒత్తులు, గుణింతాలు ఉన్న తెలుగు పేరు మన కంటికి కనిపించేదానికి రెండు మూడింతలు పొడవు అవుతుంది. పేర్లు కుదించి, మిగిలిన వివరాలను ట్యాగుల్లోకి, అంటే పాట ఫైలు లోపలే వివరాలు రాసుకునే గళ్లలోకి మార్చాను. తెలుగులో పేర్లు పెట్టడం మాత్రం మానలేదు, ఎవరూ మానవద్దని కోరుతున్నాను.

ట్యాగుల కోసం వాడింది ఎంపీ3ట్యాగ్. పాటను తెరవకుండానే వందల ఫైళ్ల వివరాలు ఒకేసారి దిద్దవచ్చు. పాతకాలపు ట్యాగుల పద్ధతిలో పాట పేరుకు ముప్ఫై అక్షరాల చోటే ఉండేది, అదీ ఇంగ్లీషు లిపికి. అలాంటి సాఫ్ట్‌వేర్ చేతిలో పడిన నా తెలుగు పేర్లు కొన్ని వరుసగా ప్రశ్నార్థకాలుగా మారి ఉన్నాయి. వాటిని తిరిగి రాసుకోవడం తప్ప మార్గం లేదు. ఇక్కడ సంతోషం కలిగించిన విషయం వేరే ఉంది. మన సంగీతానికి కళాకారుడు, ఆల్బమ్ అనే రెండు గళ్లు సరిపోవు. నాణ్యత తగ్గకుండా పాటను కుదించి దాచే ఫ్లాక్ రకం ఫైళ్లలో మనకు కావలసిన గళ్లను మనమే చేర్చుకోవచ్చు. రాగం, తాళం, వాగ్గేయకారుడు, వయొలిన్, మృదంగం అని ఐదు చేర్చాను. ఇప్పుడు కాంభోజి అని వెతికితే నాన్న క్యాసెట్టులోని కీర్తన, సీడీలోని రాగం తానం పల్లవి, గురువు గారి పాఠం పక్కపక్కన వచ్చి నిలబడతాయి. ముప్ఫై ఏళ్లుగా బీరువాలో వేర్వేరు అరల్లో ఉన్నవి ఒక చోట చేరాయి. ఈ ఒక్క పనికి మూడు వారాలు పట్టింది, ఒక్క రోజు కూడా విసుగు రాలేదు.

పాటల జాబితాల దగ్గర మరో దెబ్బ తిన్నాను. పిల్లల కోసం వర్ణాలు ఒక వరుస, పండుగ కీర్తనలు ఒక వరుస అని యాభై జాబితాలు చేసుకున్నాను. డ్రైవు మీద నుంచి తెరిస్తే ఒక్కటీ పలకలేదు. జాబితాలో పాట ఉండదు, పాట ఉన్న చిరునామా ఉంటుంది. ఆ చిరునామాలన్నీ పాత ల్యాప్‌టాప్‌లోని డి: డ్రైవువి. జాబితా మామూలు అక్షరాల ఫైలే కాబట్టి నోట్‌ప్యాడ్‌లో తెరిచి, చిరునామా మొదట్లో డ్రైవు పేరును తీసేసి, జాబితా ఉన్న ఫోల్డర్ నుంచి దారి చూపించేలా మార్చాను. ఇప్పుడు డ్రైవు ఏ కంప్యూటర్‌కు తగిలించినా జాబితాలు పలుకుతాయి. దాచేటప్పుడు ఎం3యూ కాకుండా ఎం3యూ8 అనే రకం ఎంచుకోవాలి, తెలుగు పేర్లు అందులోనే నిలుస్తాయి.

సొంత కంప్యూటర్‌లో పాటల ప్లేయర్ లైబ్రరీకి కూడా ఇదే చిక్కు. ఈ రోజు ఈ: అని పేరు వచ్చిన డ్రైవుకు, రేపు ముందుగా ఒక పెన్‌డ్రైవు తగిలించి ఉంటే ఎఫ్: అని వస్తుంది. 15 వేల పాటలూ కనబడటం లేదని ప్లేయర్ అంటుంది. విండోస్‌లో డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి ఈ డ్రైవుకు ఎం: అనే అక్షరం స్థిరంగా ఇచ్చాను. అప్పటి నుంచి ఆ ఇబ్బంది లేదు. వినడానికి వాడుతున్నది మ్యూజిక్‌బీ. ఫ్లాక్, ఎంపీ3 రెండూ పలుకుతాయి, నేను చేర్చిన రాగం గడిని చూపిస్తుంది, తెలుగు చక్కగా కనిపిస్తుంది.

కంప్యూటర్ సరిచూసినా నా చెవితో నేను సరిచూసుకోవాలి కదా. రోజుకు ఒక గంట, నాన్న క్యాసెట్ల నుంచి మొదలుపెట్టాను. విజయనగరంలో మా పెరటి అరుగు మీద రేడియో ఉండేది. ఉదయం ఆకాశవాణి భక్తిరంజని మొదలయ్యే ముందు నాన్న రికార్డరు మీట నొక్కి, తేదీ, వారం చెప్పేవారు. కొన్నిటిలో "వర్షం వస్తోంది, గరగర వినిపిస్తుంది" అని కూడా చెప్పి పెట్టారు. ఒకదానిలో కీర్తన చరణంలోకి వెళుతుండగా అమ్మ కాఫీకి పిలుస్తుంది. నాన్న జవాబు చెప్పరు, టేపు ఆగదు. క్యాసెట్లను కంప్యూటర్‌లోకి ఎక్కించినప్పుడు ఈ గరగరను, మాటలను తీసేయమని సలహా ఇచ్చినవారున్నారు. తీయలేదు. మూలాన్ని ఉన్నది ఉన్నట్టు ఒక ఫోల్డర్‌లో పెట్టి, వినడానికి శుభ్రం చేసిన ప్రతిని వేరే ఫోల్డర్‌లో పెట్టుకున్నాను. చోటుకు కొదవ లేని డ్రైవు కొనడంలో ఉన్న సుఖం ఇదే. ఏది ఉంచాలి, ఏది పారేయాలి అనే ప్రశ్న రాలేదు.

గురువు గారి పాత క్యాసెట్టు ఒకటి ఎప్పుడూ తేడాగా అనిపించేది. ఆయన ఒకటిన్నర శ్రుతికి కట్టుకునేవారు, టేపులో దానికి పై మెట్టు అయిన రెండు పలుకుతోంది. ఎక్కించిన రోజు ప్లేయర్ మోటారు వేగంగా తిరిగిందన్నమాట. మూలం అలాగే ఉంచి, ప్రతిని నెమ్మదింపజేసి ఒకటిన్నరకు దించాను. ఆయన గొంతు మళ్లీ ఆయన గొంతులా వినిపించింది. ఆ సాయంత్రం ఇక పని చేయలేకపోయాను.

నచ్చనివీ చెప్పాలి. కేబుల్ మూరెడే ఉంది. ల్యాప్‌టాప్ బల్ల మీద ఉంటే డ్రైవు కూడా దాని పక్కనే ఉండాలి, వేలాడదీస్తే పోర్టు మీద బరువు పడుతుంది. ఈ రకం డ్రైవులలో అన్నిటికంటే బలహీనమైన చోటు ఆ పోర్టే. కొన్ని నమూనాల్లో అది డిస్కు సర్క్యూటు బోర్డు మీదే అతికి ఉంటుంది. విరిగితే డిస్కును తీసి మరో పెట్టెలో అమర్చుకునే వీలు కూడా ఉండదు. నేను మెత్తని గుడ్డ పరచి దాని మీద పెడతాను, తిరుగుతున్నప్పుడు చేయి వేయను, పిల్లలను వేయనివ్వను. కొంతసేపు వాడకపోతే డ్రైవు నిద్రపోతుంది. మళ్లీ పాట నొక్కితే రెండు మూడు సెకన్లు ఆగి పలుకుతుంది. పాఠం మధ్యలో ఇది కొంచెం చికాకు. డ్రైవుతో పాటు వచ్చిన సొంత సాఫ్ట్‌వేర్ నాకు ఎందుకూ పనికిరాలేదు. కారులో పెడితే పలకలేదు, మా కారు ప్లేయర్‌కు ఎక్స్‌ఫ్యాట్ తెలియదు. దానికి చిన్న పెన్‌డ్రైవు వేరే చేసుకున్నాను, అందులో తెలుగు పేర్లు గళ్లుగళ్లుగా కనిపించినా పాట పలుకుతోంది. ఇంకొక మాట. మూడేళ్ల వారంటీ అంటే డ్రైవు చెడితే మరో డ్రైవు ఇస్తారని మాత్రమే. లోపలి పాటలకు ఎవరూ పూచీ ఉండరు.

అందుకే నెల తిరగకముందే అలాంటిదే మరొకటి కొన్నాను. ఈసారి వేరే తయారీదారుది, ఒకే విడతలో వచ్చిన రెండు డిస్కులకు ఒకే లోపం ఉండకూడదని. ఒకే డ్రైవు కొని, పాత ల్యాప్‌టాప్‌లో చెరిపేసి, హాయిగా ఉందామనుకునేవారికి ఈ వస్తువును నేను సిఫారసు చేయను. రెండు కొనగలిగితేనే కొనండి. లేదంటే పాతది కూడా ఉంచండి. నా రెండో డ్రైవు రాజమహేంద్రవరంలో మా చెల్లెలి ఇంట్లో ఉంటుంది. సంక్రాంతికి, వేసవి సెలవులకు వెళ్లినప్పుడు ఇక్కడిది అక్కడ ఉంచి, అక్కడిది తెచ్చుకుని, మధ్యలో చేరిన కొత్త ఫైళ్లు ఎక్కిస్తాను. గురువు గారి పాఠాలు మాత్రం మూడో చోట, ఇంటర్నెట్ నిల్వలో కూడా పెట్టాను. మొత్తం 400 జీబీ అక్కడ పెట్టాలంటే నెల నెలా కట్టాలి, కట్టడం మరిచిపోయిన రోజు ఏమవుతుందో అన్న బెంగ ఉంటుంది. 150 జీబీకి అయితే భరించగలను.

ఆరు నెలలుగా దాదాపు రోజూ వాడుతున్నాను. ఒక్క ఫైలు చెడలేదు. ప్రతి నెలా మొదటి ఆదివారం ఫ్లాక్ ఫైళ్లను పరీక్షకు పెడతాను. ఆ రకం ఫైలు లోపలే దాని శబ్దపు వేలిముద్ర దాచి ఉంటుంది కాబట్టి చెడితే తెలిసిపోతుంది. వస్తువుకు ఐదులో నాలుగు ఇస్తాను, ఒకటి ఆ పోర్టు కోసం, మూరెడు కేబుల్ కోసం తగ్గించాను.

డ్రైవులో "గుర్తించాలి" అని ఒక ఫోల్డర్ ఉంది. నాన్న తేదీ చెప్పడం మరిచిపోయినవి, చీటీ ఊడిపోయిన క్యాసెట్లవి అందులో 19 ఫైళ్లు ఉండేవి. ఆదివారం పాఠం అయ్యాక పెద్ద పిల్లలతో కూర్చుని ఒక్కొక్కటి వింటున్నాం. పోయిన వారం రెండింటికి రాగం, వాగ్గేయకారుడు తేలారు. మూడోది రీతిగౌళ అని నేను, కాదని మా పెద్ద విద్యార్థిని. అది ఇంకా అక్కడే ఉంది.